తేమ లెక్క

చీరాల, వేటపాలెం వైపు చలికాలంలో చలికన్నా చెమ్మే ఎక్కువ. తెల్లారకుండా పాలు పోయడానికి వెళ్లేవాళ్లకీ ట్యూషన్ పిల్లలకీ తప్ప స్వెట్టరు అవసరం పెద్దగా పడదు. అవి కూడా లూథియానాలో తయారై వచ్చి మా రోడ్డు పక్కన తాళ్ల మీద వేలాడుతుంటాయి. మేం నేసేవి నూలు చీరలు, కాస్త పట్టు కలిసిన కుప్పడం చీరలు. ఇంట్లో కొన్ని మగ్గాలున్నాయి. ఊళ్లో ఇంకొన్ని ఇళ్లకి పడుగూ పేకా ఇచ్చి మజూరికి నేయించుకుంటాం. కార్తీకం నుంచి మాఘం పెళ్లిళ్ల దాకా ఈ చిన్న వ్యాపారం నడపడమంటే రోజూ తేమతో లెక్క చూసుకోవడమే.

మగ్గాన్ని గుంటలో పెట్టింది కాళ్ల కోసమే అనుకుంటారు చాలామంది. తొక్కుడు చెక్కలకి చోటు కావాలి, నిజమే. కానీ పడుగు నేలకి దగ్గరగా ఉంటే భూమిలోని చెమ్మ కూడా పోగుకి అందుతుంది. చెమ్మ తగిలిన నూలు పోగు ఎంత లాగినా ఓర్చుకుంటుంది, ఎండిన పోగు పుటుక్కున తెగుతుంది. వడగాడ్పులు కొట్టే మధ్యాహ్నాల్లో నేతగాడు నేసేదానికన్నా అతుకులు వేసేదే ఎక్కువ. ఆ లెక్కన చలికాలం మగ్గానికి కలిసొచ్చే కాలం కావాలి. కానీ మా తీరానికి వాయుగుండాలు ఎక్కువగా వచ్చేదీ అక్టోబరు, డిసెంబరు మధ్యనే.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అలాంటప్పుడు వాన వెలిసినంత మాత్రాన మా పని మొదలవదు. ఇసక నేల కదా, నీరు పైపైనే ఉంటుంది. వీధిలో నీళ్లు ఇంకిపోయాక గుంటలో ఊట మొదలవుతుంది. పగలంతా తోడి పోస్తే రాత్రికి మళ్లీ ఊరుతుంది. మగ్గం మీదున్న పడుగు ముందు పుల్లటి గంజి వాసన కొడుతుంది, తర్వాత బూజు చుక్కలు పడతాయి. పోగుల్ని విడదీసే ఉక్కు పన్నెకి తుప్పు పట్టిందంటే తెల్ల పడుగు మీద ఎర్రటి గీత పడుతుంది. ఉతికినా పోదు. ఆ చీరని పూర్తి ధర పెట్టి ఎవరూ కొనరు.

గుంట పూడ్చేసి స్టాండు మగ్గాలు పెట్టుకోండి అని చెప్పేవాళ్లున్నారు. మేమూ కొన్ని మార్చాం. వానలప్పుడు అవే దిక్కు. వేసవిలో మాత్రం వాటి మీద పోగులు తెగుతున్నాయని నేతగాళ్లు విసుక్కుంటారు. అందుకని గుంట మగ్గాలు కొన్ని అలాగే ఉంచాం, ఏ కాలానికి ఏది పనికొస్తే దాని మీద పని నడుస్తుంది.

ధనుర్మాసం వచ్చేసరికి వీధి కోసం తగువు మొదలు. పడుగుకి గంజి పెట్టేది వీధిలోనే మరి. పడుగుని కర్రల మీద బారుగా బిగించి లాగి, బియ్యపు గంజిలో కాస్త నూనె కలిపి పట్టించి, అటూ ఇటూ నడుస్తూ కుంచెతో దువ్వుతారు. దువ్వుతుండగానే ఆరాలి. లేకపోతే పక్క పక్క పోగులు ఒకదానికొకటి అంటుకుపోతాయి. అంటుకున్న పోగులు మగ్గమెక్కాక పన్నె దగ్గర చిక్కుకుని తెగుతాయి. అదే వీధిలో తెల్లవారుజామున ఆడవాళ్లు నెల ముగ్గులు పెడతారు.

"పిన్నీ, ఈ పూటకి ముగ్గు అరుగు మీద వేసుకోరాదా? పడుగు సాగదీయాలి."

"నెల ముగ్గు అరుగు మీద ఎవరన్నా వేస్తార్రా? మీరే కాస్త పొద్దెక్కి రండి."

పొద్దెక్కి రావడమే మేలని మాకూ తెలుసు. మంచు విడవకుండా గంజి పట్టిస్తే ఆరదు. ఎండ వచ్చేదాకా ఆగితే, అసలే చిన్న పొద్దు, సగం పూట పోతుంది. చివరికి పడుగు కిందే గొబ్బెమ్మ ఉంటుంది, కుంచె పట్టినవాళ్లు దాన్ని దాటుకుంటూ నడుస్తారు.

చెమ్మతో తంటాలు పడేది మేం ఒక్కళ్లమే కాదు. మా చీర కొనే రైతు ఇంట్లోనూ అదే లెక్క. పత్తి అమ్మడానికి ప్రభుత్వ సంస్థ సీసీఐ కొనుగోలు కేంద్రానికి వెళితే ముందు తేమ మీటరు పెడతారు. 8 శాతం దాకా పూర్తి మద్దతు ధర. ఆపైన కోత. 12 దాటితే కొనరు, ప్రైవేటు వ్యాపారి చెప్పిన రేటుకి ఇచ్చుకోవాలి. మంచు దిగిన వారం, ముసురు పట్టిన వారం చిలకలూరిపేట, పర్చూరు వైపు నుంచి మాకు ఫోన్లు తగ్గిపోతాయి. పత్తి ఆరితేనే పండక్కి చీర.

ఆ తర్వాత మిరప కోతలు. కోతకి తీసుకెళ్లే ఆటో పొద్దున్నే వీధి చివర ఆగుతుంది. మా ఇళ్లలో పేక నూలుని కండెలు చుట్టే ఆడవాళ్లు కూడా కొందరు దాన్నే ఎక్కుతారు. సాయంత్రానికి డబ్బు చేతిలో పడుతుంది, కండెలు చుడితే ఎప్పటికి వస్తుంది? వాళ్లని తప్పుపట్టలేం. కానీ కండెలు లేకపోతే నాడె ఖాళీ, నాడె ఖాళీ అయితే మగ్గం ఖాళీ. మర్నాడు రాట్నం ముందు కూర్చుంటే చేతులు ఇంకా మంటలే.

చీర బేరమాడేటప్పుడు రైతు ఇంటి ఆడవాళ్లు అడిగే ప్రశ్న ఒకటుంది. "పత్తి మాదేగదండీ, చీర ఇంత రేటెందుకు?" న్యాయమైన ప్రశ్నే. కానీ ఇక్కడి పత్తి పింజ 80, 100 నంబరు సన్న నూలుకి చాలదు. దానికి ఇంకా పొడవు పింజ కావాలి. పైగా మగ్గానికి కావలసింది చిలపల నూలు. గుంటూరు వైపు స్పిన్నింగ్ మిల్లులకి కొదవలేదు గానీ వాటిలో ఎక్కువ వడికేది మరమగ్గాలకీ బనియన్ల అల్లికకీ పనికొచ్చే కోను నూలే. కాబట్టి మీ పొలంలో పత్తి తిరుప్పూరులో బనియనై మీ అబ్బాయి ఒంటి మీదికి వస్తుంది, మా మగ్గానికి నూలు కోయంబత్తూరు నుంచీ జరీ సూరత్ నుంచీ వస్తాయి. చుట్టూ పత్తి చేలున్నా పోగు మాకు దూరపు చుట్టమే.

వాతావరణంతో బేరం ఈ ఊళ్లకి కొత్తేమీ కాదు. చీరాల తేలియా రుమాళ్లు ఒకప్పుడు అరబ్బు దేశాలకీ తూర్పు ఆఫ్రికాకీ వెళ్లేవి. ఆముదపు కాయల బూడిద నీళ్లలో, నూనెలో నూలుని రోజుల తరబడి నానబెట్టి ఆరబెట్టి, మళ్లీ నానబెట్టి, ఆ తర్వాత రంగు అద్దేవాళ్లు. ఆ నూనె వల్లే ఎడారి ఎండలో తలకి చల్లగా ఉండేదట. ఎండ కాసే రోజులు లేకపోతే ఆ పనే లేదు. నూలు ఆరేదాకా నేత ఆగిన రోజులు కూడా ఆ రుమాలులో భాగమే.

నాకు ముల్లులా గుచ్చుకునేది ఇక్కడే. నేత ఆగిన రోజుల ఖర్చు ఎవరిది? మజూరి చీరకి ఇస్తాం, రోజుకి కాదు. గుంటలో ఊట వచ్చినా, పడుగు ఆరకపోయినా, కండెలు అందకపోయినా చీర దిగదు, డబ్బు రాదు. అప్పుడు నేతగాడు వచ్చి గుమ్మంలో నిలబడతాడు. మాలాంటి షావుకారు ఇస్తాడు, ఇచ్చింది నేతగాడి పేరున బాకీ రాస్తాడు. కార్తీకంలో రాసిన బాకీ ఉగాదికీ తీరదు, మళ్లీ కార్తీకం వస్తుంది. 2019 డిసెంబరులో మొదలైన ప్రభుత్వ పథకం నేతన్న నేస్తం ఏడాదికి 24,000 రూపాయలు ఇచ్చింది. కానీ అది సొంత మగ్గం ఉన్న కుటుంబానికే. ఒకరి ఇంట్లో మగ్గమెక్కి నేసేవాళ్లూ కండెలు చుట్టేవాళ్లూ ఆ జాబితాలో లేరు.

వాన నేతగాడి తప్పు కానప్పుడు ఆ బాకీ అతని పేరున ఎందుకుండాలి? నూలు రేటు పెరిగితే చీర ధర పెంచుతాం. జరీ పెరిగితే పెంచుతాం. రవాణా, డిజైను, షోరూము కమిషను, అన్నీ ధరలోకి ఎక్కుతాయి. తడిసిన రోజులు ఒక్కటే ధరలోకి ఎక్కవు. ఒక చీరకి నాలుగు రోజులు పడుతుందనుకుంటే, చలికాలంలో దాన్ని ఐదు రోజుల పనిగా లెక్కకట్టి మజూరి పెంచడంలో అన్యాయమేమీ లేదు. కండెలకి ఇచ్చే కూలి మిరప కూలితో పోటీ పడకపోయినా, దాని దరిదాపుల్లోనైనా ఉండాలి. అలా చేస్తే చీర మీద కొంత ధర పెరుగుతుంది. కొందరు పక్క షాపులో మరమగ్గం చీర తీసుకుంటారు. ఆ నష్టం కూడా లెక్కలో వేసుకునే చెబుతున్నాను.

ఈ సంక్రాంతికి మా దగ్గర చీర కిందటేటికన్నా ప్రియంగా కనిపిస్తే ఎందుకని అడగండి. గుంటలో నీళ్లు నిలిచిన రోజుల కూలి కలిపామని చెబుతాం. జరీ పెరిగిందని మాత్రం చెప్పం.