‘సర్వర్ డౌన్’ వెనక

పొలం 1బీ కాపీ కోసం పల్నాడు జిల్లా ఈపూరులో సచివాలయం మెట్లెక్కినా, హైదరాబాద్‌లో బ్యాంకు కౌంటర్ ముందు నిలబడినా, ఏదో ఒకరోజు చెవిన పడే మాటే: “సర్వర్ డౌన్ అండీ, కాసేపాగి రండి.” వినగానే ఎక్కడో లైను తెగిందనుకుంటాం. కొన్నిసార్లు లైను నిక్షేపంగా ఉంటుంది. ఒకే యంత్రం లోపల, పక్కపక్కనే నడిచే రెండు ప్రోగ్రాముల మధ్యే మాటలు ఆగిపోయి ఉంటాయి.

ఆ జబ్బును పట్టే విద్యను తెలుగు కుర్రాళ్లలో చాలామంది నేర్చింది అమీర్‌పేటలో. మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ సెంటర్లలో ఒరాకిల్ డీబీఏ కోర్సు చెప్పేవాళ్లు. చేతిరాత నోట్సు జిరాక్స్ షాపుల్లో దొరికేది. ఇంటర్వ్యూ ప్రశ్నలు బట్టీపట్టిస్తారని ఆ చదువును వెక్కిరించేవాళ్లున్నారు. అందులో నిజం లేకపోలేదు. కానీ దేన్ని ముందు అనుమానించాలో, దేన్ని తర్వాతో ఆ చదువు నేర్పింది.

మొదటి ప్రశ్న: “పీమాన్ నడుస్తోందా?” ఒరాకిల్ ప్రాణంతో ఉందనడానికి ఆ ప్రాసెస్సే గుర్తు. అది ఉంటే, బయటి కనెక్షన్లు అందుకునే లిజనర్‌ను పక్కనపెట్టి అదే యంత్రం మీంచి నేరుగా లాగిన్ అయి చూడాలి. లోపలివాళ్లకు తలుపు తీసి బయటివాళ్లకు తీయకపోతే తప్పు లిజనర్‌దో నెట్‌వర్క్‌దో. లోపలివాళ్లకూ తీయకపోతేనే అసలు కథ మొదలు.

యూనిక్స్‌లో ఒరాకిల్ ప్రాసెస్‌లన్నీ ఒకే షేర్డ్ మెమరీని పంచుకుంటాయి. దాని గుర్తు డేటాబేస్ ఇన్‌స్టన్స్ పేరు (ఎస్ఐడీ), ఒరాకిల్ హోమ్ దారి కలిసి తయారవుతుంది. ఆ దారి చివర అదనంగా ఒక్క స్లాష్ గీత పడితే గుర్తు మారిపోతుంది. పీమాన్ ఎదురుగా నడుస్తూనే ఉంటుంది. లాగిన్ అయినవాడికి మాత్రం “ఐడిల్ ఇన్‌స్టన్స్” అని జవాబొస్తుంది, లేదా ఓరా-27101, అంటే షేర్డ్ మెమరీ లేనే లేదని. కంగారుపడి మెషీన్ రీస్టార్ట్ చేసినా ఆ గీత అక్కడే ఉంటుంది.

ఇక్కడ ఐపీసీఎస్ కమాండ్ అక్కరకొస్తుంది. ఏ మెమరీ ముక్క ఎవరిదో, ఎన్ని ప్రాసెస్‌లు దాన్ని పట్టుకున్నాయో చూపిస్తుంది. ఆ లెక్క చూపే ఎన్‌అటాచ్ గడిలో సున్నా ఉంటే అది దిక్కులేని ముక్క కావచ్చు. సున్నా కానిదాన్ని ఐపీసీఆర్ఎం కొట్టి తీసేస్తే లినక్స్ వెంటనే చెరపదు. దాని గుర్తును సున్నా చేసి, పట్టుకున్నవాళ్లు వదిలేదాకా ఉంచుతుంది. పాత కనెక్షన్లు నడుస్తుంటాయి, కొత్తగా గుర్తు పట్టుకుని వచ్చేవాళ్లకు మాత్రం అది దొరకదు. అర్ధరాత్రి డ్యూటీలో ఇంతకంటే తికమకపెట్టే దృశ్యం ఉండదు.

మైఎస్‌క్యూఎల్ దగ్గర కిటుకు వేరు. యూనిక్స్‌లో లోకల్‌హోస్ట్ అని రాస్తే అది సాకెట్ ఫైలు వెతుకుతుంది; 127.0.0.1 అంటే టీసీపీ దారి పడుతుంది. ఎర్రర్ చివర బ్రాకెట్లోని అంకె చాలామంది చదవరు: 2 అయితే ఫైలే లేదు, 13 అయితే అనుమతి లేదు, 111 అయితే ఫైలుంది, వినేవాడే లేడు. పోస్ట్‌గ్రెస్ లేచేటప్పుడు సెమాఫోర్ దగ్గర “నో స్పేస్ లెఫ్ట్” అంటే డిస్కు నిండిందని కాదు, కెర్నెల్ ఇచ్చే సెమాఫోర్ల కోటా అయిపోయిందని.

పాత నోట్సును కళ్లకద్దుకోనక్కర్లేదు. 2013లో వచ్చిన 9.3 వెర్షన్‌తో పోస్ట్‌గ్రెస్ పెద్ద షేర్డ్ మెమరీని పాత పద్ధతి నుంచి తప్పించేసింది. అయినా దానికోసం కెర్నెల్ షేర్డ్ మెమరీ పరిమితులు పెంచమనే పాఠాన్ని ఇంకా అప్పజెప్పేవాళ్లున్నారు.

2015లో రెడ్‌హ్యాట్ 7.2తో మరో చిక్కు వచ్చింది. ఒరాకిల్ యూజర్ చివరి సెషన్ లాగౌట్ కాగానే, సిస్టమ్‌డీ అతని షేర్డ్ మెమరీనీ సెమాఫోర్లనూ చెత్త కింద ఊడ్చేసేది. నడుస్తున్న డేటాబేస్ ఓరా-27157తో కుప్పకూలేది, లాగ్‌లో “ఐడెంటిఫయర్ రిమూవ్డ్” అని మిగిలేది. ప్యాకేజీ ద్వారా వేసిన పోస్ట్‌గ్రెస్ సిస్టమ్ యూజర్ కింద నడుస్తుంది కాబట్టి దానికి ఈ బెడద లేదు. ఒరాకిల్ యూజర్ మామూలు యూజర్ కావడంతో దొరికిపోయింది. మందు లాగిన్‌డీ కాన్ఫిగరేషన్ ఫైల్లో ఒక్క పంక్తి: రిమూవ్ఐపీసీ ఈక్వల్స్ నో. ఆపై లాగిన్‌డీ సర్వీసును రీస్టార్ట్ చేసి, డేటాబేస్‌ను మళ్లీ లేపడమే.