డగ్గా దెబ్బ, గురువుగారి ఊపిరి

నాందేడ్‌లో పాట వినడానికి టికెట్టు కొననక్కర్లేదు. గోదావరి ఒడ్డున హుజూర్ సాహిబ్ గురుద్వారాలో తెల్లవారకముందే కీర్తన మొదలవుతుంది. అయితే రాగీల గొంతు అక్కడా మైకులోంచే వస్తుంది. మైకు లేని పాట కావాలంటే నాకు మా పద్మశాలీల పేట గుడే దిక్కు. శనివారం రాత్రి హార్మోనియం, తబలా, తాళాలు. తెలుగు కీర్తన వెంట మరాఠీ అభంగం.

నేను తబలాకు రెండు మూరల దూరంలో కూర్చుంటాను. డగ్గా మీద మణికట్టు నొక్కి జరిపినప్పుడు నాదం వంగి లేస్తుంది. అది ముందు చెవికి కాదు, కింద పరిచిన జంపఖానాలోంచి మోకాలికి తెలుస్తుంది.

ఆ దెబ్బను ఇంట్లో వినాలని ఏళ్ల తరబడి తిప్పలు పడ్డాను. స్పీకర్లు మార్చాను, ఖరీదైన వైర్లు కొన్నాను. వైర్ల మీద పెట్టిన డబ్బు మాత్రం శుద్ధ దండగ. చెవికి శబ్దం రెట్టింపు అనిపించాలంటే ఆంప్లిఫయర్ సుమారు 10 రెట్ల శక్తి ఇవ్వాలి. 5 వాట్లతో సాగే పాటలో ఒక్క దెబ్బ రెండింతలై పలకాలంటే ఆ క్షణానికి 50 వాట్లు కావాలి, నాలుగింతలకు 500. అంత ఇవ్వలేకపోతే దెబ్బ తల తెగిపోతుంది, డగ్గా అట్టపెట్టెలా మోగుతుంది.

గది సంగతి ఇంకొకటి. 12 అడుగుల దూరంలో ఎదురెదురు గోడలుంటే 47 హెర్ట్జ్ దగ్గర మంద్రం గుయ్యిమని పేరుకుంటుంది. గోడకు ఆనించిన కుర్చీని మూడడుగులు ముందుకు లాగాను. పైసా ఖర్చు లేకుండా ఆ రొద కొంత తగ్గింది.

మా భజన గురువుగారు పోయి మూడేళ్లయింది. ఆయన పాడిన పాత క్యాసెట్టు ఒకటి నా దగ్గరుంది. వీధి సద్దుమణిగాక, సన్నగా పెట్టుకుని వింటాను. చరణం ఎత్తుకునే ముందు ఆయన ఊపిరి తీసుకోవడం, ముక్కుతో చిన్నగా శ్రుతి సరిచూసుకోవడం వినిపిస్తాయి. పాతికేళ్లు పక్కన కూర్చున్నా తాళాల హోరులో నాకు ఒక్కసారీ వినబడని ఊపిరి అది.

కొత్త సిస్టమ్ కొనబోయేవాళ్లకు నా మనవి ఒక్కటే. ముందు ఓ శనివారం మైకు లేని భజనలో కూర్చోండి. దుకాణానికి వెళ్లేటప్పుడు మీకు బాగా తెలిసిన మనిషి గొంతు రికార్డు వెంట తీసుకెళ్లండి. ఆ మనిషిని పోల్చుకోగలిగితే కొనండి. డగ్గా కోసం గుడికి రండి.