సీనరీలో వాడ ఏది?

పిల్లల బొమ్మ అమాయకమైందని అందరూ అనుకుంటరు. కవిత్వంలో కులం ఉన్నదని ఒప్పించటానికి కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత పెద్ద కొట్లాటే చేయాల్సి వచ్చింది. కథలో కులం, పాటలో కులం, పాఠ్యపుస్తకంలో కులం అని ఒక్కొక్కటే తేల్చుకుంటూ వచ్చినం. 13, 14 ఏండ్ల పిల్ల డ్రాయింగ్ షీటు మీద గీసే బొమ్మ దగ్గరికి మాత్రం మన విమర్శ పెద్దగా పోలేదు. అది ఆట అనుకున్నం, పోటీ అనుకున్నం, ఆగస్టు 15కు స్కూలు గోడకు అతికించే కాగితం అనుకున్నం. కానీ ఆ వయసు పిల్లలకు బొమ్మ గీయాలని ఎందుకనిపిస్తది, ఏం చూసి అనిపిస్తది అనే ప్రశ్న చిన్నది కాదు. ఈ లోకంలో ఏది చూడదగ్గది, ఏది చూసీ చూడనట్టు పోవాల్సింది అనే తీర్పు అక్కడే మొదలయితది.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల పిల్లలనే తీసుకుందాం. నచ్చిన బొమ్మ గీయమంటే తెలుగు బడుల్లో తరతరాలుగా వచ్చే బొమ్మ ఒకటున్నది. దాన్ని అందరూ 'సీనరీ' అనే అంటరు. రెండు ముక్కోణపు కొండలు, నడుమ సగం సూర్యుడు, ఆ సూర్యుని కింది నుంచి వంకర తిరిగి వచ్చే నది, ఒడ్డున గుడిసె, పక్కన కొబ్బరిచెట్టు, పైన నాలుగు గీతల పక్షులు. ఈ మూడు పట్నాలను ఎరిగినవాళ్లకు ఇందులో ఏ ఒక్కటీ ఇక్కడిది కాదని తెలుసు. ఇక్కడి గుట్టలు ముక్కోణాలు కావు, బండలు పేర్చినట్టు ఉంటయ్. చెరువు కట్ట మీద తాటిచెట్టు, యాపచెట్టు, తుమ్మచెట్టు కనపడుతయ్. నీళ్లు అంటే సూర్యాపేట దిక్కు మూసీ, మిర్యాలగూడ, కోదాడ దిక్కు సాగర్ ఎడమ కాలువ. కండ్లు తెరిస్తే కనపడేది హైదరాబాద్-విజయవాడ హైవే, రైస్ మిల్లుల పొగగొట్టాలు, ఉనక కుప్పలు, వడ్ల బస్తాలు, నాటుకు వంగిన ఆడోళ్ల నడుములు.

సీనరీలో మనిషి ఉండడు. గుడిసె ఉంటది గానీ ఆ గుడిసె ఎవరిదో తెల్వదు. నది ఉంటది గానీ ఆ నీళ్లు ఎవరు ముట్టొచ్చో, ఎవరు ముట్టొద్దో ఉండదు. ఊరు ఉంటది, వాడ ఉండదు. పని చేసే చెయ్యి అసలే ఉండదు. గుడిసెలో పుట్టిన పిల్ల కూడా తన గుడిసెను గీయదు, పుస్తకంలో గుడిసెను గీస్తది. ఇది ఆ పిల్ల తెలివితక్కువతనం కాదు. తన ఇల్లు బొమ్మకు తగింది కాదని ఆమెకు ఎవరూ నోటితో చెప్పకుండానే తెలిసిపోయింది.

ప్రేరణ గురించి అడిగితే పెద్దోళ్లు రెండు జవాబులు చెప్తరు. ఒకటి, అది పుట్టుకతో వచ్చే వరం, సరస్వతీ కటాక్షం. రెండోది, ప్రకృతిని చూసి పిల్లలు స్పందిస్తరు. మొదటి జవాబు కళను పుట్టుకకు కట్టేస్తది. పుట్టుకకు కట్టేసింది ఏదైనా ఈ దేశంలో చివరికి కులం దగ్గరికే చేరుతది. రెండో జవాబు వినటానికి బాగనే ఉంటది గానీ అది కూడా సగమే. పిల్లలు చూసిందంతా బొమ్మ కాదు. చూసిన దాంట్లో ఏది కాగితం మీదికి రావొచ్చునో బడి, పోటీ, బహుమతి ముందే వడగడతయ్. అందుకే ప్రేరణ అనేదాంట్లో అనుమతి కూడా కలిసి ఉన్నది. ఎవరి బతుకుకు ఆ అనుమతి దొరికింది, ఎవరి బతుకుకు దొరకలేదు అన్నదే అసలు సంగతి.

పోటీల అంశాలు చూడండి. స్వచ్ఛభారత్, హరితహారం, నీటి పొదుపు, జాతీయ సమైక్యత. 2015లో కేంద్రం సెకండరీ పిల్లల కోసం కళా ఉత్సవ్ మొదలుపెట్టినప్పుడు ఇచ్చిన అంశం బేటీ బచావో బేటీ పఢావో. ఇవేవీ చెడ్డ మాటలు కావు. కానీ ఇవన్నీ పైనుంచి వచ్చిన నినాదాలు. పిల్లలు చేసేది ఆ నినాదానికి రంగులేయటం. స్వచ్ఛభారత్ బొమ్మలో గాంధీ కళ్లద్దాలు ఉంటయ్, చీపురు ఉంటది. చీపురు పట్టిన చెయ్యి మాత్రం టీచరుదో, నాయకునిదో, తెల్లబట్టల పిల్లగానిదో అయి ఉంటది. మున్సిపాలిటీలో పొద్దుగాల నాలుగు గంటలకు రోడ్లూడ్చే తల్లి బిడ్డ అదే క్లాసులో కూసోని ఉన్నా, ఆ తల్లి ఆ బొమ్మలోకి రాదు. వస్తే జాలి కోసం వస్తది, గౌరవం కోసం రాదు.

ఇక ఇంటి సంగతి. మన ఇండ్లల్లో బొమ్మలు లేవా? మట్టిగోడకు జాజు పూసి, దాని మీద సున్నంతో పట్టీలు దించే అవ్వలు ఉన్నరు. వాకిట్లో చుక్క తప్పకుండా ముగ్గేసే అక్కలు ఉన్నరు. ముసలవ్వల చేతుల మీద, గదవ మీద పచ్చబొట్లు ఉన్నయ్. బతుకమ్మను పేర్చటంలో రంగుల లెక్క ఉన్నది. సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద రెండేండ్లకోసారి లింగమంతుల జాతర అయితది. జాన్‌పహాడ్ దర్గాకు అన్ని కులాలోళ్లూ పోతరు. పీర్ల పండుగకు పీరీలకు కట్టే దట్టీల రంగులు ఏ పిల్లా మర్చిపోదు. ఇంత రంగు, ఇంత గీత ఇంటి చుట్టూ ఉంటే, 'మా పిల్లలకు కళ అంటే తెల్వది' అనే మాట ఎట్ల పుట్టింది? ఆడోళ్లు చేస్తే అలవాటు అన్నరు, కింది కులాలోళ్లు చేస్తే కులవృత్తి అన్నరు, చదువుకున్నోళ్లు ఫ్రేము కట్టిస్తే కళ అన్నరు. తేడా గీతలో లేదు, పేరు పెట్టేవాళ్ల చేతిలో ఉన్నది.

తెలంగాణలో కింది కులాలకు తమ సొంత బొమ్మల కథ కూడా ఉన్నది. చేర్యాల నకాషీలు గుడ్డ మీద గీసిన పటాలను పట్టుకొని ఊరూరు తిరిగి కథ చెప్పే ఆశ్రిత కులాలు ఉన్నయ్. మాదిగలకు డక్కలోళ్లు జాంబపురాణం చెప్తరు. పద్మశాలీలకు కూనపులోళ్లు మార్కండేయ పురాణం చెప్తరు. గౌడలకు, చాకలోళ్లకు, గొల్లలకు, ముదిరాజులకు ఎవరి పటం వాళ్లకున్నది. జాంబపురాణంలో జాంబవంతుడు భూమి కంటే ముందే పుట్టిన ఆదివాడు. అంటే మాదిగ పిల్లవానికి తన కులం మొదలు ఎక్కడున్నదో చూపించే బొమ్మల పుస్తకం అచ్చు పుస్తకం కంటే ముందే ఉన్నది. చేర్యాల బొమ్మకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఎంపోరియంలలో మాస్కులుగా, గోడ బొమ్మలుగా అమ్ముడుపోతున్నది. కానీ డక్కలి చేతిలోని పటం బడిలోకి రాలేదు. బొమ్మ బజారుకు పోయింది, కథ చెప్పే మనిషి రోడ్డు మీదనే ఉన్నడు.

ఇప్పుడు మన పిల్లలు ఎక్కువగా ఇష్టపడి గీసే ఒక బొమ్మ గురించి మాట్లాడాలె. అది అంబేద్కర్ బొమ్మ. ఏప్రిల్ 14 వస్తే చాలు, వాడల పిల్లలు క్యాలెండర్‌ను ముందర పెట్టుకొని, పెన్సిల్‌తో గళ్లు కొట్టి, ఒక్కో గడిని చూసి దించుతరు. నీలం కోటు, గుండ్రని కళ్లద్దాలు, చేతిలో రాజ్యాంగం. 'ఇది కాపీ, సృజన కాదు' అనే మాట డ్రాయింగు తెలిసినవాళ్ల నుంచి రావటం మామూలే. ఈ మాటను మనం ఒప్పుకోవద్దు. దేవుని బొమ్మను వందసార్లు దించితే భక్తి, సినిమా హీరోను దించితే అభిమానం అంటున్నప్పుడు అంబేద్కర్‌ను దించితే కాపీ ఎట్లయితది? గడి గడికి కొలిచి ఆ ముఖాన్ని గీసే పిల్ల చదువుకున్న తన మనిషి ముఖాన్ని గంటల తరబడి దగ్గర పెట్టుకొని చూస్తున్నది. ఆమెకు పాఠ్యపుస్తకం ఇవ్వని చూపు అక్కడ దొరుకుతున్నది. 2016 జనవరిలో రోహిత్ వేముల చనిపోయిన తర్వాత ఆయన ముఖం కూడా ఇట్లనే పోస్టర్ల నుంచి నోటు పుస్తకాల దాకా పోయింది. ఆ గీతల వెనక ఉన్నది దుఃఖం, నిలబడాలనే పట్టుదల.

అయితే అక్కడనే ఆగిపోతే మనకు కూడా నష్టమే. మన సంఘాలు పెట్టే పోటీల్లో కూడా అంశం ముందే రాసిపెట్టి ఉంటది: అంబేద్కర్, ఫూలే, సావిత్రిబాయి. పిల్లలకు మహనీయుల ముఖాలు ఇస్తున్నం గానీ వాళ్ల సొంత ముఖాన్ని గీసుకొమ్మని చెప్పటం లేదు. అంబేద్కర్ సతారా బడిలో గోనెపట్టా మీద కూసున్నడు, ప్యూను వచ్చి నీళ్లు పోస్తే తప్ప దూప తీరలేదు. ఆ పిల్లవాడు కోటేసుకోలేదు. కోటు అంబేద్కర్‌ను గీసిన పిల్లకు గోనెపట్టా అంబేద్కర్ కథ చెప్పి, 'నీ బడిలో నీళ్ల దగ్గర ఏం జరుగుతది, గీయి' అని అడిగితే అప్పుడు వచ్చే బొమ్మ వేరు.

ఇట్ల అడిగితే ఏం వస్తదో చూపించిన పుస్తకం ఉన్నది. 2011లో నవయాన వేసిన 'భీమాయన'లో మధ్యప్రదేశ్ గోండు చిత్రకారులు దుర్గాబాయి వ్యాం, సుభాష్ వ్యాం అంబేద్కర్ జీవితాన్ని బొమ్మల్లో చెప్పిన్రు. కామిక్ పుస్తకాల లెక్క చతురస్రపు డబ్బాల్లో మనుషులను ఇరికించలేదు. గోండు ఇండ్లల్లో నేల మీద, గోడ మీద వేసే దిగ్నా అల్లికనే పేజీని విడగొట్టే గీతగా వాడుకున్నరు. బీహార్‌లో మధుబని దగ్గర జిత్వార్‌పూర్‌లో దుసాధ్ ఆడోళ్లు తమ ఒంటి మీది పచ్చబొట్ల నుంచి గోద్నా పద్ధతి తెచ్చిన్రు, తమ రాజా సల్హేష్ కథను గీసిన్రు. చానోదేవి పేరు అట్లనే దేశానికి తెలిసింది. మన జిల్లాలోనే చూస్తే పాత నల్లగొండ కదిరేనిగూడెంలో పుట్టిన ఏలె లక్ష్మణ్ తన ఊరోళ్ల మీద వరుసగా బొమ్మలేసిండు, 2014లో తెలంగాణ రాజముద్రను రూపొందించింది ఆయనే. ఈ మూడు చోట్లా కొత్త ప్రేరణ ఎక్కడి నుంచో దిగిరాలేదు. ఇంట్లో ఉన్నదే కాగితం మీదికి, గుడ్డ మీదికి వచ్చే అనుమతి సంపాదించుకున్నది.

మిర్యాలగూడ గురించి మాట్లాడకుండా ఈ వ్యాసం పూర్తి కాదు. 2018 సెప్టెంబర్ 14న ప్రణయ్‌ను అక్కడ హాస్పిటల్ ముందట, గర్భిణి అయిన భార్య పక్కన ఉండంగనే నరికి చంపిన్రు. వాళ్లిద్దరి పరిచయం స్కూలు రోజుల్లోది. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. ఈ సంగతి తెల్వని పిల్లలు ఆ పట్నంలో ఉంటరా? పక్క బెంచీలోని దోస్తుది ఏ కులమో, ఎంత దూరం మాట్లాడొచ్చునో ఆ వయసులోనే లెక్కేసుకోవాల్సిన బతుకు వాళ్లది. ఇది వాళ్ల లోపల ఉన్నది. డ్రాయింగ్ షీటు మీదికి మాత్రం గులాబీ పువ్వు, సీతాకోకచిలుక వస్తయ్. భయాన్ని గీయటానికి చోటు లేని బడిలో అందాన్ని మాత్రమే గీయమనటం కూడా ఒక రకం నోరు మూయించటమే. పిల్లలతో బలవంతంగా గాయాలు గీయించమని కాదు. గీస్తే తిట్టరు, నవ్వరు, ఆఫీసుకు పిలవరు అనే ధైర్యం ఇవ్వాలె అని.

ప్రేరణకు పొట్ట కూడా ఉన్నది. విద్యాహక్కు చట్టం (2009) ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందకు మించి పిల్లలున్న బడికే ఆర్టు నేర్పే పార్ట్‌టైం ఇన్‌స్ట్రక్టర్. పిల్లలు తగ్గిన చిన్న ఊళ్ల బడులకు ఆ గీత దగ్గరనే తలుపు పడుతది. డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు రాయాలంటే ఫీజు, రంగులు, బ్రష్షులు కావాలె. ఒకప్పుడు చేతి రాత బాగున్న పిల్లగానికి బోర్డులు, గోడరాతలు, బండి నంబర్లు రాసుకునే బతుకుదెరువన్నా ఉండేది. ఫ్లెక్సీలు వచ్చి ఆ దారి మూసేసినయ్. బొమ్మతో బువ్వ రాదని ఇంట్లో అయ్య అంటే ఆయనను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు.

టీచర్లు, విద్యార్థి సంఘాలు చేయగలిగిన పనులు పెద్దవి కావు, చేయలేనివీ కావు. అంశం ఇవ్వకుండా కాగితం, రంగులు ఇయ్యండి. సీనరీ గీస్తే చించకండి. ఈ గుడిసెలో ఎవరుంటరు, ఈ నీళ్లు ఎవరివి అని అడగండి. ముగ్గేసే అవ్వను, పటం కథ చెప్పే డక్కలిని, డప్పు చేసే తాతను క్లాసుకు పిలిచి కుర్చీ వేయండి. పిక్నిక్ అంటే సినిమా సెట్టు కాకుండా ఫణిగిరి బౌద్ధ తోరణం దాకా తీసుకపోండి. ఆ రాయి చెక్కినోళ్లు ఎవరయి ఉంటరో ఆలోచించమనండి. బొమ్మ కింద పిల్ల పేరు, ఊరు రాయించి భద్రం చేయండి. ఫస్టు సెకండు థర్డు అనే ముగ్గురి కోసం మిగతా ముప్పై మంది కాగితాలు చెత్తబుట్టకు పోవద్దు.

అలిశెట్టి ప్రభాకర్ నుంచి ఇప్పటి దాకా తెలంగాణలో బొమ్మకూ కవిత్వానికీ దోస్తానా ఉన్నది. దళిత సాహిత్యం తన మాటను తానే రాసుకున్నట్టు, దళిత పిల్లల బొమ్మ కూడా తన గీతను తానే గీసుకుంటది. సీనరీలో గుడిసె తలుపు ఇంకా మూసే ఉన్నది. లోపల ఎవరున్నరో ఆ ఇంటి పిల్లకు తెలుసు. తలుపు తీసి గీయమని అనటమే మన పని.