కళాయి సాయిబు పనితనం
నెత్తిమీద మెట్రో పరుగెత్తే హైదరాబాదులోనూ పాతబస్తీ సందుల్లో కళాయి కొలిమి ఇంకా రాజుకుంటూనే ఉంది. గిన్నెను బొగ్గుల మీద తిప్పి తిప్పి కాచి, పదునుకు రాగానే చిటికెడు నవాసాగరం చల్లుతాడు సాయిబు. గుప్పున తెల్లటి పొగ! అదే అదనుగా తగరం కడ్డీ తాకించి, దూదితో చుట్టూ ఒక్క విసురున రుద్దుతాడు. నల్లబడ్డ ఇత్తడి లోపలంతా వెన్నెల పరుచుకుంటుంది. వేడి తగ్గితే తగరం పట్టదు, ఎక్కువైతే మాడుతుంది. ఆ పదును పట్టడానికి అతనికి కళ్లే కొలత. ఆ పల్చటి పూత లేకపోతే చింతపండు పులుసు కిలుమెక్కి నోట పెట్టలేం. పెళ్లి బిర్యానీ వండే రాగి దేగ్చాలకూ అదే రక్ష. స్టీలు, నాన్‌స్టిక్ వచ్చాక మన వీధుల్లో అతని కేక ఆగింది గానీ, అతని పనికి సాటి రాలేదు. అటక మీద అమ్మమ్మ ఇత్తడి గిన్నె ఉంటే దించండి. కళాయి వేయించి, ఓసారి చారు కాచి చూడండి.