సంతనాటి కాల్పులు: సాక్ష్యము, సాహిత్యము

పోలీసు కాల్పులు జరిగిన ప్రతిచోటను ఆ ఘటనకు రెండు చరిత్రలు పుట్టును. ఒకటి కచేరీ కాగితములలో నుండును. రెండవది జనుల నోట నుండును. ఏండ్లు గడచినకొలది మొదటిది బీరువాలలో మాసిపోవును. రెండవది చెప్పగా చెప్పగా కొంత పెరుగును, కొంత తరుగును. రెండు మూడు తరముల పిమ్మట ఈ రెంటి నడుమకు రచయిత వచ్చును. అతడు కాగితమును త్రోసి జనుల మాటను కావ్యము చేయవలెనా? లేక రెంటిని పరీక్షింపవలెనా? ఈ విషయమున మన సాహిత్యము చేసినదెంత, చేయవలసినదెంత అని విచారించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

విచారణకు ఒక నిర్దిష్టమైన స్థలము అవసరము. జంషెడ్పూరులోని భాలుబాసా వంటి బస్తీలో నివసించుచు తెలుగున వ్రాయు రచయితను ఊహింతము. ఉక్కు కర్మాగారపు పనికై మన ఉత్తర జిల్లాలనుండి వచ్చినవారి సంతతి ఆ నగరమున పలు తరములుగా నున్నది. ఆ రచయిత చెవికి హిందీ, ఒడియా, సంతాలీ, హో భాషలు నిత్యము సోకుచుండును. అతని ఇంటికి ఎంతో దూరము లేకుండ, పడమటి దిక్కున, ఖర్సవాన్ ఉన్నది.

1948 జనవరి 1వ తేదీ గురువారము. ఖర్సవాన్‌లో సంత జరుగు దినము. సరాయికెలా, ఖర్సవాన్ సంస్థానములు ఒరిస్సాలో విలీనమగుటయు ఆనాడే. విలీనమును వ్యతిరేకించుచు, ప్రత్యేక ఝార్ఖండును కోరుచు ఆదివాసులు వేలకొలదిగా కూడిరి. రావలసిన నాయకుడు జైపాల్ సింగ్ రాలేదు. ఒరిస్సా మిలిటరీ పోలీసులు కాల్పులు జరిపిరి. ఏ విలీనమును నిలుపుటకు తుపాకులు పేలినవో ఆ విలీనము ఐదు నెలలైనను నిలువలేదు. అదే సంవత్సరము మే నెలలో ఆ రెండు సంస్థానములును బీహారునకు చేరినవి. 2000లో ఆ ప్రాంతము ఝార్ఖండులోనికి వచ్చినది. కాల్చినవారిది ఒక ప్రభుత్వము, మృతుల గ్రామములు వేరొక ప్రభుత్వము క్రింద. లెక్క చెప్పవలసినవారును లెక్క అడుగవలసినవారును ఈ విధముగా వేరైపోయిరి.

మృతులెందరు? 35 మంది అని జనవరి 3వ తేదీ స్టేట్స్‌మన్ పత్రిక ప్రకటించినది. కలహండి రాజవంశీకుడును పార్లమెంటు సభ్యుడును అగు పి. కె. దేవ్ తన స్మృతిగ్రంథమున రెండు వేలని వ్రాసినారు. ఈ రెండు సంఖ్యల నడుమ 1,965 ప్రాణములున్నవి. శవములను బావిలో పడవేసిరని ఆ ప్రాంతమున చెప్పుకొందురు. కవి సాధారణముగా పెద్ద సంఖ్యను గ్రహించును, ఉద్యోగి చిన్న సంఖ్యను గ్రహించును. ఇరువురును చేయునది ఒక్కటే: తమకు నచ్చినదానిని నమ్ముట.

మన తార్కికులు ప్రత్యక్షము, అనుమానము, శబ్దము అని ప్రమాణములను వేరుచేసిరి. కన్నది వేరు, ఊహించినది వేరు, ఆప్తులు చెప్పగా విన్నది వేరు. స్మృతిగ్రంథములోని సంఖ్యను స్మృతిగ్రంథములోని సంఖ్యగానే చెప్పవలెను. పత్రికలోని దానిని పత్రికలోని దానిగానే చెప్పవలెను. విన్నదానిని కన్నదానివలె వ్రాసిన క్షణమున, బాధితుల పక్షమున నున్న రచయితయే వారి సాక్ష్యమును బలహీనపరచినవాడగును. ఒక్క అతిశయోక్తి దొరకిన చాలును, ప్రతిపక్షము తక్కినదంతయు అబద్ధమని త్రోసివేయును.

ఖర్సవాన్‌ను జలియన్‌వాలా బాగుతో పోల్చుట కలదు. పోలిక న్యాయమే, కాని ఒక భేదమును మరువరాదు. జలియన్‌వాలా మృతులు 379 మంది అని ప్రభుత్వమువారు, సుమారు వేయి అని కాంగ్రెసువారు చెప్పిరి. సంఖ్యలు కలియలేదు. అయినను హంటర్ కమిటీ విచారణ జరిగినది. కాంగ్రెసు పక్షమున సాక్షుల వాఙ్మూలములను సేకరించి 1920లోనే అచ్చువేసిరి. తరువాతివాడు ఎవరి మాటను ఎంతవరకు నమ్మవచ్చునో తూచుటకు త్రాసు మిగిలినది. ఖర్సవాన్ విషయమున అట్టి నివేదిక ప్రజల చేతికి రాలేదు.

మన నేలపై ఇంద్రవెల్లి ఉన్నది. 1981 ఏప్రిల్ 20వ తేదీ సోమవారము, అదియు సంతరోజే. ఆదిలాబాదు గోండులు సభకు వచ్చిరి, సభ నిషేధింపబడినది, పోలీసులు కాల్చిరి. ప్రభుత్వ గణన 13. పౌరహక్కులవారు అరువదికి పైబడిన సంఖ్యను చెప్పిరి. స్మారకస్తూపము 1983లో లేచినది, 1986లో ప్రేల్చివేయబడినది, మరల నిర్మింపబడినది. రెండు ఘటనలును సంతనాడే జరుగుట గమనింపదగినది. సంతకు పలు గ్రామములనుండి జనులు వత్తురు. ప్రక్కన పడినవాడెవడో ప్రక్కవానికి తెలియదు. చావు సంతలో జరిగినను, ఆ లోటు తెలియునది ఎక్కడో అడవిలోని ఒక గుడిసెలో, ఆ రాత్రి తిరిగిరాని మనిషికై ఎదురుచూచినవారికి. కనుక సత్యమును సంత మైదానమున వెదకిన చాలదు. సంతకు వచ్చు బాటలవెంట ఊరూర వెదకవలెను.

ఈ బాటను నడచిన తెలుగు రచన యొకటి కలదు. 1983లో వెలువడిన అల్లం రాజయ్య, సాహుల ‘కొమురం భీం’ నవల. 1940లో జోడేఘాట్ వద్ద పోలీసు కాల్పులలో భీము మరణించెను. ఆ పిమ్మట నైజాము ప్రభుత్వము హైమెండార్ఫ్ పండితుని రప్పించి గోండుల స్థితిగతులను పరిశీలింపజేసెను. మరణించిన దినమునుగూర్చి గ్రంథములు ఏకీభవింపవు. గోండులు మాత్రము ఆశ్వయుజ పౌర్ణమినాడు వర్ధంతి జరుపుదురు. కాగితము తేదీని పోగొట్టుకొన్నను జనులు వెన్నెలను మరువలేదు. నాలుగు దశాబ్దముల పిదప నవలాకారులు ఆ స్మృతిని ఆశ్రయించిరి. భూమి ఎట్లు పోయెనో, అడవి ఉద్యోగుల దౌర్జన్యమెట్టిదో ముందు చూపిరి. కనుక తుపాకి పేలువేళకు అది ఆకస్మికమని పాఠకునకు తోచదు. ఇది ఆ నవల సాధించిన ఘనత. దాని పరిమితియు ఇచ్చటనే యున్నది. ఏ సంగతి ఎవరి నోట విన్నది, ఏది కల్పించినది అన్న విభజన నవలలో నుండదు. నవలకు అది దోషము కాదు. దానినే చరిత్రయని అప్పగించుకొనిన తరువాతివారిది దోషము.

కవిత్వమున మనకు అలవాటైన మరొక లోపము కలదు. అడవిలో కాల్పులనగానే మోదుగుపూలు, నెత్తుటివాగులు వచ్చును. పూవు పూయుటకు ఎవరి ఉత్తరువును అక్కరలేదు. తుపాకి పేలుటకు ఉత్తరువు కావలెను. పోలిక అందముగా కుదిరినకొలది ఆ ఉత్తరువిచ్చినవాడు మరుగున పడును.

స్త్రీపర్వమును చూడుడు. మృతుల సంఖ్యను ధృతరాష్ట్రుడు అడుగును, ధర్మరాజు చెప్పును. ఆ సంఖ్య నేడెవ్వరికి జ్ఞప్తియున్నది? గాంధారి ఒక్కొక్క కళేబరమును గుర్తించి, ఇతడెవడు, ఇతనికై ఏడ్చుచున్నది ఎవరు అని చెప్పుట మాత్రము మరపునకు రాదు. సాహిత్యము చేయవలసిన లెక్క అది.

1948లో పదేండ్ల బాలుడు నేడు తొంబదికి చేరువలో నున్నాడు. భాలుబాసాలోని మన రచయితకు మిగిలిన వ్యవధి ఆ వృద్ధుని ఆయువంత. అతడు హో భాషలోనో ఒడియాలోనో చెప్పుమాటను తెలుగున వ్రాసికొనవలెను. అతడు చూచినదేదో విన్నదేదో అడిగి గుర్తుపెట్టవలెను. అతడు ఊరకున్నచోట తాను పూరింపరాదు. నవలయో, ఖండకావ్యమో తరువాతి మాట. మొదట ఆ వాఙ్మూలము తెలుగున నుండవలెను.