విద్యార్థి పత్రికా స్వేచ్ఛ – పంతులుగారి నౌకరీ

ఉపాధ్యాయ సంఘాలను గురించి యెప్పుడు రాసినా మనం జీతాలూ, బదిలీలూ, పెన్షన్ల దగ్గర ఆగిపోతాము. అవి చిన్న విషయాలని నేననను. నెలాఖరున కిరాణా కొట్టువాడి పద్దు తీర్చవలసినవాడెవడూ అలా అనడు. కాని తన విద్యార్థి రాసినదాన్ని ఉపాధ్యాయుడు యెవరి అనుమతితో అచ్చు వేయించాలి, వేయిస్తే యేమవుతుంది అన్నది కూడా నౌకరీకి సంబంధించిన ప్రశ్నే. మన సంఘాల కోర్కెల పట్టికల్లో ఆ ప్రశ్న నా కళ్ళకు యెన్నడూ కనబడలేదు. అమెరికాలో సరిగ్గా ఆ ప్రశ్నను పట్టుకుని నూరేళ్ళుగా బతుకుతున్న సంఘం ఒకటి వున్నది. దాన్ని గురించి నా కున్న గౌరవమూ, నా కున్న పేచీ రెండూ యిక్కడ చెప్పదలిచాను.

ఆ సంఘం పేరు జర్నలిజం ఎడ్యుకేషన్ అసోసియేషన్. 1924లో పుట్టింది. దాని కార్యాలయం కాన్సస్ స్టేట్ యూనివర్సిటీలో వున్నది. మనవాళ్ళకు ఒక సంగతి ముందుగా చెప్పాలి. మనదేశంలో పత్రికా రచన బోధించడం విశ్వవిద్యాలయాల వ్యవహారం. ఉస్మానియాలో ఆ శాఖ 1954లో మొదలయింది. అమెరికాలో అలా కాదు. అక్కడ హైస్కూలులోనే అది ఒక పాఠ్యవిషయం. పద్నాలుగు మొదలు పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలు పత్రిక నడుపుతారు. దానికి ఒక ఉపాధ్యాయుడు సలహాదారుగా వుంటాడు. ఈ సలహాదారుల సంఘమే నేను చెబుతున్నది. వారికి పరీక్షలు పెట్టి యోగ్యతా పత్రాలిస్తుంది. యేటా వసంతకాలంలోనూ, శరత్కాలంలోనూ దేశం నలుమూలల నుంచీ పిల్లల్నీ పంతుళ్ళనూ చేర్చి మహాసభలు జరుపుతుంది. పాఠాల ప్రణాళికలు తయారుచేస్తుంది. ఇవన్నీ వృత్తి సంఘాలు చేసే పనులే కనుక వాటి మీద నిలవను.

నిలవవలసినది ఆ సంఘం సలహాదారులకు విధించిన నీతినియమావళి దగ్గర. దాని సారాంశం యిది: పత్రికలో యేం రాయాలో, యెలా రాయాలో నిర్ణయించవలసినది విద్యార్థులు. సలహాదారు బోధిస్తాడు, ప్రశ్నిస్తాడు, చట్టం యేం చెబుతున్నదో చెబుతాడు. అంతేగాని కలం లాక్కోడు, కొట్టెయ్యడు. పాఠశాల అధికారులు అచ్చుకు ముందే పత్రికను తెప్పించుకుని చూసే పద్ధతికి న్యాయమైన విద్యాప్రయోజనం యేదీ లేదని కూడా యీ సంఘం బాహాటంగా ఖండించింది. ఒక ఉపాధ్యాయ సంఘం తన సభ్యులకు "మీ అధికారాన్ని మీరే తగ్గించుకోండి" అని చెప్పడం యెక్కడైనా విన్నామా? మన దేశంలో పంతులు అంటే యెర్రసిరా. ఆ యెర్రసిరాను కింద పెట్టమంటున్నది యీ సంఘం. ఇది గొప్ప మాట.

గొప్ప మాటకు వెల యెవరు చెల్లిస్తారు? అది చూడాలంటే 1983కు పోవాలి. మిసోరీ రాష్ట్రంలో, సెయింట్ లూయీ నగరానికి దగ్గరలో, హేజెల్‌వుడ్ ఈస్ట్ అనే హైస్కూలు. విద్యార్థి పత్రిక పేరు స్పెక్ట్రమ్. మే 13న రావలసిన సంచికలో గర్భవతులయిన ముగ్గురు సహ విద్యార్థినుల అనుభవాల మీద ఒక వ్యాసం, తల్లిదండ్రుల విడాకులు పిల్లల్ని యేం చేస్తాయన్నదాని మీద మరొక వ్యాసం రాశారు. మొదటిదానిలో పేర్లు మార్చారు. ప్రిన్సిపాలు రెండు వ్యాసాలూ పనికిరావన్నాడు. మార్చడానికి వ్యవధి లేదని, ఆ వ్యాసాలున్న రెండు పేజీలనూ తీసేయించాడు. అవే పేజీల్లో వున్న తక్కిన వ్యాసాలు కూడా, వాటి మీద ఆక్షేపణ లేకపోయినా, వీటితోపాటే పోయాయి.

ఈ కథను అందరూ పిల్లలకూ ప్రిన్సిపాలుకూ మధ్య జరిగిన తగాదాగానే చెబుతారు. నేను మూడో మనిషిని చూస్తున్నాను. ప్రూఫులు పట్టుకుని ప్రిన్సిపాలు దగ్గరికి పోయినదెవరు? సలహాదారు ఉపాధ్యాయుడు. అంతకుముందు ఆ బాధ్యత చూసినాయన సంవత్సరం ముగియకుండానే స్కూలు విడిచి వెళ్ళాడు. ఆయన స్థానంలో కొత్తగా వచ్చినవాడు, ఆ స్కూలు ఆనవాయితీ ప్రకారం, ప్రూఫులు అందజేశాడు. ఆయన ద్రోహి కాడు. ఆనవాయితీ పాటించాడు, అంతే.

పిల్లలు కోర్టుకు వెళ్ళారు. జిల్లా కోర్టులో ఓడిపోయారు. అప్పీలు కోర్టులో గెలిచారు. చివరకు 1988 జనవరి 13న సుప్రీం కోర్టు అయిదుగురు ముగ్గురుగా చీలి, పాఠశాల పక్షాన తీర్పు చెప్పింది. తీర్పు రాసినవాడు జస్టిస్ బైరన్ వైట్. భిన్నాభిప్రాయం రాసినవాడు జస్టిస్ బ్రెనన్. మార్షల్, బ్లాక్‌మన్ ఆయనతో కలిశారు. వైట్ వాదాన్ని మనం కొంచెం నిదానంగా చదవాలి. పత్రిక పాఠ్యప్రణాళికలో భాగం, ఖర్చు పాఠశాలది, పేరు పాఠశాలది. కనుక పాఠశాలే ప్రచురణకర్త. బోధన దృష్ట్యా న్యాయమైన కారణం వుంటే ప్రచురణకర్త తనకిష్టం లేనిదాన్ని ఆపవచ్చు. ఆపడానికి కారణాలేవో కూడా ఆయన ఉదహరించాడు: వ్యాకరణ దోషాలుండడం, బాగా రాయకపోవడం, సరిగా పరిశోధించకపోవడం, పక్షపాతం, అసభ్యత, చిన్నవయస్సు పాఠకులకు తగనిదిగా వుండడం. డబ్బు పెట్టినవాడే పత్రికకు యజమాని అన్న సూత్రం మన పాఠకులకు కొత్తది కాదు. పెద్ద పత్రికల ఆఫీసుల్లో అది యెలా పనిచేస్తుందో మనం చూస్తూనే వున్నాం. ఈ తీర్పు ఆ సూత్రాన్ని హైస్కూలుకు తెచ్చింది, బోధన అనే పేరు పెట్టి.

ఆ జాబితాలో మొదటి మాట, వ్యాకరణ దోషాలు, చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. సుమారు ముప్పై యేళ్ళ క్రితం నేను ఒక జూనియర్ కాలేజీలో తెలుగు చెబుతూ గోడపత్రిక బాధ్యత చూసేవాణ్ణి. ఇంటర్ రెండో సంవత్సరం కుర్రవాడొకడు తన హాస్టలు భోజనం మీద వ్యాసం తెచ్చాడు. లెక్కప్రకారం మనిషికి యింత కందిపప్పు పడాలి, మా గిన్నెలోకి యింత వస్తున్నది అని కొలిచి మరీ రాశాడు. పెట్టాను. మధ్యాహ్నానికి ప్రిన్సిపాలుగారు పిలిపించారు. "మాస్టారూ, భాష బాగుపడాలని పెట్టుకున్న పత్రిక అది. వార్డెనుగారి మీద పితూరీలకు కాదు" అన్నారు. గొంతు పెంచలేదు. నా ఉద్యోగం అప్పటికింకా పర్మనెంటు కాలేదన్న సంగతి ఆయనా యెత్తలేదు, నేనూ యెత్తలేదు. వెళ్ళి నాలుగు గుండుసూదులూ పీకి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. సాయంత్రం ఆ కుర్రవాడు అడిగితే నేనన్నమాట: "వ్యాసంలో దోషాలున్నాయి, సరిదిద్ది మళ్ళీ పెడదాం." దోషాలు నిజంగానే వున్నాయి. నాలుగో అయిదో. వాడు రెండుసార్లు తిరగరాసి తెచ్చాడు. మూడోసారి తేలేదు.

ఈ అనుభవం వల్లనే అమెరికన్ సంఘంతో నా పేచీ. ముందుగా అచ్చు చూడడానికి "న్యాయమైన విద్యాప్రయోజనం" లేదని సంఘం అంటున్నది. "బోధన దృష్ట్యా న్యాయమైన కారణం" చాలునని కోర్టు అంటున్నది. రెండు వాక్యాలనూ పక్కపక్కన పెట్టి చదవండి. ఒకే గడ్డ మీద నిలబడి పోట్లాడుతున్నారు. స్వేచ్ఛ వుంటే పిల్లలు బాగా నేర్చుకుంటారు, పౌరులుగా తయారవుతారు, కనుక స్వేచ్ఛ యివ్వండి అని సంఘం వాదన. అదంతా నిజమే. కాని స్వేచ్ఛను విద్యకు సాధనంగా ఒప్పుకున్న తరువాత, యే విద్యకు యెంత స్వేచ్ఛ సరిపోతుందో చెప్పే అధికారం యెవరికి పోతుంది? విద్యాధికారికి. మా ప్రిన్సిపాలుగారు కూడా భాషాభివృద్ధి పేరే చెప్పారు. నేనూ దోషాల పేరే చెప్పాను. మేమిద్దరమూ శుద్ధమైన బోధనా కారణాలే చూపించాము!

ఈ గడ్డ మీదనే పోట్లాడక తప్పదా? 1969లో అదే సుప్రీం కోర్టు వేరే చోట నిలబడింది. వియత్నాం యుద్ధానికి నిరసనగా 1965 డిసెంబరులో అయోవా రాష్ట్రం డె మోయిన్ నగరంలో కొందరు పిల్లలు నల్ల పట్టీలు కట్టుకుని బడికి పోతే సస్పెండు చేశారు. టింకర్ కేసుగా పేరుపడ్డ ఆ వ్యవహారంలో కోర్టు, బడి గేటు దగ్గర రాజ్యాంగ హక్కులు ఊడిపోవని చెప్పింది. విద్యార్థులకే కాదు, ఉపాధ్యాయులకు కూడా అని చెప్పింది. ఆ రెండో సగం అంతగా యెవరికీ గుర్తుండదు.

మనవైపు కూడా ఒక తీర్పున్నది. 1985లో కేరళలో జాతీయగీతం వేళ మర్యాదగా లేచి నిలబడి, మతవిశ్వాసం వల్ల పాడకుండా వూరుకున్న ముగ్గురు పిల్లల్ని బడి నుంచి వెళ్ళగొట్టారు. 1986 ఆగస్టులో జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి, మన తెలుగువాడు, వాళ్ళను తిరిగి చేర్చుకోమన్నారు. ఆ తీర్పులో ఆయన అమెరికా సుప్రీం కోర్టు 1943లో జెండా వందనం మీద యిచ్చిన బార్నెట్ తీర్పును కూడా పరిశీలించారు. మౌనం వల్ల పిల్లలకు విద్యాలాభం యెంత అని ఆయన తూచలేదు. రాజ్యాంగం 19, 25 అధికరణాలు యిచ్చిన హక్కును పరిమితం చెయ్యాలంటే చట్టం కావాలి, శాఖాధికారుల సర్క్యులర్లు చాలవు అన్నారు. అది మౌనానికి సంబంధించిన తీర్పు, పత్రికకు సంబంధించినది కాదని నాకు తెలుసు. నేను చూపిస్తున్నది ఆయన నిలబడ్డ చోటు.

ఇక్కడ మన మిత్రుల్లో కొందరు, యిదంతా బూర్జువా రాజ్యాంగాల మీద భ్రమ, హక్కు కాగితం మీద వుంటే యేమి, బడి వాళ్ళ చేతిలో వున్నప్పుడు అంటారు. మాటలో సగం పస వున్నది. అమెరికాలోనే ఆ రాజ్యాంగ రక్షణ ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులకే గాని ప్రైవేటు పాఠశాలల వారికి వర్తించదు. కాని కాగితం మీది హక్కును కాగితం మీదనే వదిలిపెట్టిన తప్పు యెవరిది? కార్మికుడు యెనిమిది గంటల పని దినాన్ని కూడా ముందు కాగితం మీదికే యెక్కించాడు.

విద్యార్థి హక్కు సంగతి అలా వుంచి, సలహాదారు గతి యేమిటి? 2006లో గార్సెట్టి కేసులో, ప్రభుత్వోద్యోగి తన ఉద్యోగ విధిలో భాగంగా అన్నమాటకు రాజ్యాంగ రక్షణ లేదని సుప్రీం కోర్టు చెప్పింది. అది లాస్ ఏంజిలిస్‌లోని ఒక ప్రాసిక్యూటరు కేసు. కాని దాని నీడ ప్రభుత్వ పాఠశాల పంతులు మీద కూడా పడింది. ఇప్పుడు నియమావళిని మళ్ళీ చూడండి: కలం లాక్కోకు అని సంఘం అంటుంది, లాక్కో అని ప్రిన్సిపాలు అంటాడు, లాక్కోకపోతే వచ్చే యేటికి ఆ క్లాసు నీకుండదు. నీతి బరువంతా పంతులు మీద పెట్టి, నౌకరీ బరువు కూడా అతని మీదనే వదిలేస్తే అతను యేం చేస్తాడు? హేజెల్‌వుడ్‌లో ఆ కొత్త సలహాదారు చేసినదే చేస్తాడు. నేను చేసినదే చేస్తాడు.

ఈ చిక్కు సంఘానికి తెలియదని అనడం అన్యాయం. హేజెల్‌వుడ్ తరువాత సలహాదారులూ, విద్యార్థులూ, 1974 నుంచి వున్న స్టూడెంట్ ప్రెస్ లా సెంటరూ కలిసి రాష్ట్రాల శాసనసభల తలుపులు తట్టారు. పదిహేనుకు పైగా రాష్ట్రాలలో విద్యార్థి పత్రికలకు రక్షణ చట్టాలు వచ్చాయి. వీటిలో నాకు అన్నిటికంటె ముఖ్యమనిపించేది పిల్లల స్వేచ్ఛను చాటే భాగం కాదు. కాన్సస్ 1992 చట్టంలో ఒక మాట వున్నది: విద్యార్థుల భావప్రకటనను అణచడానికి ఒప్పుకోని సలహాదారును ఉద్యోగం నుంచి తీసివెయ్యరాదు, బదిలీ చెయ్యరాదు, ఆ బాధ్యత నుంచి తప్పించరాదు. కాలిఫోర్నియాలో విద్యార్థుల రక్షణ చట్టం 1977లోనే వచ్చింది. పంతుళ్ళకు అలాంటి రక్షణ 2008లో గాని రాలేదు. మధ్య ముప్పై యొక్క సంవత్సరాలు. ఆ ముప్పై యొక్క యేళ్ళూ పిల్లవాడికి హక్కున్నది, ఆ హక్కును కాచే మనిషికి లేదు.

కాన్సస్ చట్టం యేం చేసిందో 2017లో కనిపించింది. పిట్స్‌బర్గ్ అనే చిన్న పట్టణంలో హైస్కూలుకు కొత్తగా ఒక ప్రిన్సిపాలును నియమించారు. విద్యార్థి పత్రిక పిల్లలు, మామూలుగా పరిచయ వ్యాసం రాద్దామని మొదలుపెట్టి, ఆమె చెప్పుకున్న డిగ్రీలు యిచ్చిన సంస్థను వెతికారు. దానికి గుర్తింపు వున్నట్టు యెక్కడా తేలలేదు. మార్చి ఆఖరున అచ్చువేశారు. ఏప్రిల్ మొదటి వారంలో ఆమె రాజీనామా యిచ్చింది. సలహాదారు ఆ నియామకపు ఇంటర్వ్యూ సంఘంలో సభ్యురాలు కనుక యీ వ్యాసం వరకు తాను తప్పుకున్నది. రాష్ట్ర విద్యార్థి పత్రికల సంఘం నుంచి మరొకరు వచ్చి పిల్లలకు తోడు నిలిచారు. తమ మీద పెత్తనం చెయ్యబోయే మనిషిని గురించి పిల్లలు రాస్తూ వుంటే వివాదాస్పద విషయమన్న ఒక్క కారణంతో దాన్ని అణచడానికి అక్కడ యెవరికీ చట్టబలం లేదు. పంతులమ్మను మార్చడానికీ లేదు. సంఘం అంటే నాకు అర్థమయినది అక్కడ: ఒక పంతులు పక్కకు జరగవలసి వచ్చినప్పుడు ఆ స్థానంలో నిలబడడానికి యింకొకడు వుండడం.

అందుకనే ఆ సంఘం తన నియమావళిని తిరగరాయాలనుకుంటే నా సలహా ఒకటే. సలహాదారు యేం చెయ్యకూడదో చెప్పే వాక్యాల కంటె ముందు, చెయ్యనన్నందుకు అతన్ని యెవరు యేం చెయ్యకూడదో చెప్పే వాక్యం వుండాలి. ఆ వాక్యానికి విద్యాలాభంతో నిమిత్తం వుండకూడదు. మన ఉపాధ్యాయ సంఘాల వారు కూడా వచ్చే మహాసభలో కోర్కెల పట్టిక తయారుచేసేటప్పుడు బదిలీల నిబంధనల కిందనే దాన్ని చేర్చవచ్చు. వేరే శీర్షిక అక్కరలేదు. గోడపత్రిక కూడా పత్రికే అని మాత్రం స్పష్టంగా రాయమని కోరుతున్నాను.