సాత్వికమనగా సత్తువ లేమియా?

ప్రియ చదువరీ, మన సంఘములలో తరచుగా పలుకబడుచు, అరుదుగా విచారింపబడు మాటలలో 'సాత్వికము' ఒకటి. ఎన్నడును నోరు మెదపనివాడు మరణించినయెడల, భూస్థాపన వేళ అతడు సాత్వికుడని సాక్ష్యమిత్తుము. కూలి తక్కువ ముట్టినను మారు పలుకక ఇల్లు చేరినవానిని సాత్వికుడందుము. మాంసము లేని వంటకు సాత్విక భోజనమని పేరు. ఇవన్నియు కలిసి, ఉప్పు కారము లేని చప్పిడి మనిషియే సాత్వికుడను తలంపు మనలో నాటుకొన్నది. ఇది వాక్యము చెప్పు అర్థమేనా?

మొదట మన తెలుగు మాటనే చూడుము. సాత్వికము 'సత్త్వము' నుండి పుట్టినది. ఆ సత్త్వమే మన ఇంటి మాటలో 'సత్తువ' అయినది. జ్వరము పడి లేచినవాడు ఒంట్లో సత్తువ లేదనును. చెలకలో సత్తువ తగ్గినదని రైతు పెంట తోలును. కావున సత్తువ లేనివానిని సాత్వికుడనుట ఆ మాటను తలక్రిందులు చేయుటయే.

మత్తయి 5:5లో దీనికి మూలమైన గ్రీకు మాట 'ప్రాయుస్'. గ్రీకు రచయితయైన క్సెనొఫోను మచ్చికయైన గుఱ్ఱములకు ఈ మాటనే వాడెను. ప్రతిదానికి మండిపడుటకును, కోపపడవలసిన చోట కూడ కోపపడకుండుటకును నడుమ నున్న మంచి గుణమే ఇదని అరిస్టాటిల్ వివరించెను. మత్తయి 11:29లో ప్రభువు తాను సాత్వికుడనని చెప్పుచు కాడిని గూర్చి మాటలాడుట గమనించుము. బక్కచిక్కిన దూడ మెడమీద ఎవడును కాడి పెట్టడు. బలమైన కోడె కాడికి అలవాటుపడి, సాలు తప్పక నడిచినప్పుడే దున్నకము సాగును. కోడె బలము పోలేదు. అది దారికి వచ్చినది.

హెబ్రీలో 'అనావ్' అను ఒకే మాటను మన అనువాదకులు సంఖ్యాకాండము 12:3లో 'సాత్వికుడు' అనియు, కీర్తన 37:11లో 'దీనులు' అనియు తెలిగించిరి. రెండును తగినవే. అయితే మన పల్లెలలో దీనుడనగా జాలిపడదగినవాడనియే వినబడును. ఆ జాలి అర్థమును తెచ్చి సాత్వికునికి అంటగట్టుటయే మన పొరపాటు.

ఇది మాటల తగవు మాత్రమే కాదు. నైజాము కాలమున మన నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెలలో వెట్టి చేయుచు, గడీ ముందర 'నీ బాంచెన్, కాల్మొక్త' అని వంగినవారు మన పితరులు. అది భయము వంచిన నడుము. దానికి సాత్వికమని పేరు పెట్టుట తగదు. మోషేను చూడుము. మిర్యాము అహరోనులు తనకు విరోధముగా మాటలాడినప్పుడు తన పక్షమున వాదింపలేదు. జనులను విడిపించుటకు ఫరో యెదుట మాత్రము వెనుదీయలేదు. యోహాను 18వ అధ్యాయములో చెంపదెబ్బ తిన్న ప్రభువు తిరిగి కొట్టలేదు, తల వంచుకొని ఊరకుండనూ లేదు. నన్నేల కొట్టితివని కారణమడిగెను.

సాత్వికులకు వాగ్దానము చేయబడినది భూమి. ఆ మాట బరువు మన జిల్లాలకు తెలియును. 1951 ఏప్రిల్ 18న, నాటి నల్లగొండ జిల్లాలోని పోచంపల్లిలో, భూమి లేని దళితులు వినోబా భావే యెదుట తమకు 80 ఎకరములు కావలెనని అడిగిరి. వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరములు ఇచ్చెదనని ముందుకు వచ్చెను. భూదానోద్యమము అక్కడనే మొదలైనది. నోరు విప్పి అడుగుట సాత్వికమునకు విరోధము కాదు.

మరియొక వైపు తప్పిపోవువారును కలరు. సంఘ కూటములో బల్ల గుద్ది అరచుటయే ధైర్యమనుకొను పెద్దలకు సత్తువ కలదు గాని, కాడి లేదు. కాడి లేని కోడె చేను తొక్కును.

కాబట్టి ప్రియ చదువరీ, ఒకనిని సాత్వికుడని పిలుచుటకు ముందు రెండు ప్రశ్నలు వేయుము. ఇతనికి పలుక సత్తువ కలదా? ఆ సత్తువ దేవుని కాడి క్రింద నున్నదా? రెంటికిని అవునని చెప్పగలిగిననాడే ఆ మాట వాడుము. కూలి పోగొట్టుకొని మౌనముగా వచ్చిన సహోదరుని సాత్వికుడని మెచ్చి పంపివేయకుము. అతనితో కూడ వెళ్లి, నెమ్మదిగా, గట్టిగా, న్యాయమైన కూలి అడుగుము. ఆ దినమున మీరిద్దరును సాత్వికులే.